పాదిరి గుంట

థెల్మాకు నీళ్ళంటే చచ్చేంత భయం. హార్టిల్‌పూల్ సముద్రపు రేవులో పుట్టి పెరిగిన మనిషికి ఇదేం భయమని అందరూ నవ్వేవాళ్ళు. రేవులో పుట్టింది కనుకనే ఆమెకా భయం. చిన్నప్పుడు ఒక అల ఆమెను కాళ్ళు పట్టి లాగినట్టు లాక్కుపోయింది. ఇసుకలో తలకిందులు చేసి, ఏమనుకుందో ఏమో, మళ్ళీ తెచ్చి ఒడ్డున పారేసింది. అప్పటినుంచి స్నానాల తొట్టిలో కూడా నీళ్ళు నడుము దాటనిచ్చేది కాదు.

అలాంటి మనిషి నలభై దాటాక రాల్ఫ్ రెయిన్‌ను పెళ్ళాడి, కొండల నడుమ స్కార్త్ వాగు పక్కనున్న రాతి ఇంటికి కాపురానికి వచ్చింది. ఆ ఇంట్లో ఏ గదిలో నిలబడ్డా వాగు చప్పుడే. రాల్ఫ్ క్వారీ లారీ తోలేవాడు. పొద్దున్నే పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రాక. ఇంట్లో మిగిలేది థెల్మా, ఆమె అత్తగారు హెస్టర్.

హెస్టర్‌కు డెబ్బై దాటాయి. ఆ వాగులో ట్రౌట్ చేపలు పట్టడం ఆమెకు చిన్నప్పుడు తండ్రి నేర్పిన విద్య. మొగుడు పోయినా, చెవులు మందగించినా, చేపల కాలం మొదలయ్యే మార్చి నెలాఖరు వచ్చిందంటే రొమ్ముదాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని వాగులో దిగాల్సిందే. ఆ ఏడు చలికాలంలో మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గాని, నడకలో ఒక పక్కకు ఒరుగుతుంది.

"ఒంటరిగా వాగులో దిగావో, నీ గాలాలన్నీ పొయ్యిలో పెడతా," అన్నాడు రాల్ఫ్.

"ఒంటరిగా ఎవరు దిగుతారు? నీ పెళ్ళాం వస్తుంది తోడు," అంది హెస్టర్, రొట్టె మీద వెన్న రాస్తూ, కోడలి ముఖం వైపు చూడకుండానే.

థెల్మా కాదనడానికి నోరు తెరిచింది. అప్పటికే రాల్ఫ్ "అదీ మాట" అనేసి లారీ తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

మొదటి రోజు ఆమె అల్లిక సంచీ తెచ్చుకుని, వాగుకు వీలైనంత దూరంగా రాతి గోడకు ఆనుకుని కూర్చుంది. హెస్టర్ మోకాలి లోతులో నిలబడి గాలం విసురుతోంది. చెవి మిషను తడిస్తే పాడవుతుందని తీసి రొట్టెల డబ్బాలో పెట్టేసింది కనుక, పిలిచినా వినపడదు. ఆ ముసలామె కాలు జారితే తానేం చేయాలో థెల్మాకు తెలియదు. అల్లికలో కుట్టు తప్పుతోంది, ఊడదీస్తోంది, మళ్ళీ తప్పుతోంది.

ఇంతలో హెస్టర్ గాలం ఎదురుగా ఉన్న ఆల్డర్ చెట్టు కొమ్మకు చిక్కుకుంది. ఎంత లాగినా రాలేదు.

"ఏయ్ పిల్లా! స్వెట్టరు అల్లడానికి తెచ్చానా నిన్ను? వచ్చి ఇది తియ్యి. నా తుంటి అంత పైకి ఎగబాకనివ్వదు."

"నాకు ఈత రాదు అత్తయ్యా!" అని అరిచింది థెల్మా.

హెస్టర్‌కు వినపడలేదు, లేదా వినపడనట్టు నటించింది. "ఆ? మామ గారి బూట్లు, చేతికర్ర గోడ మీదే ఉన్నాయి, తొడుక్కుని రా!" అంది.

పోయిన మామగారి బూట్లు తొడుక్కుని ఆమె వాగులో కాలు పెట్టింది. నీళ్ళు రబ్బరును చుట్టూ పిండాయి. ఎవరో చేత్తో పిక్క పట్టుకున్నట్టే ఉంది. అరికాలి కింద పాచి రాయి జారింది. ఆమె గట్టిగా కళ్ళు మూసుకుంది.

"కళ్ళు తెరువు! పారే నీళ్ళ వంక చూడకు, తల తిరుగుతుంది. కదలని రాయి వంక చూడు. కర్ర ముందు వెయ్యి, కాలు తరవాత వెయ్యి. వాగు తొందరలో ఉంది గాని నీకేం తొందర లేదు."

కొమ్మ దాకా వెళ్ళి, గాలం కొసన ఎరగా ఈకలతో కట్టిన బుల్లి ఈగను విడిపించి, ఒడ్డుకు వచ్చి కూలబడేసరికి థెల్మా వీపంతా చెమట. అత్తగారు మెచ్చుకుంటుందేమో అనుకుంది. "తోకలో ఈక విరిచేశావ్," అంది హెస్టర్.

వసంతం గడిచి ఎండాకాలం వచ్చింది. భయం తగ్గలేదు గాని, దాంతో కలిసి నడవడం అలవాటైంది. హెస్టర్ ఆమె చేతికి ఒక పాత గాలపు కర్ర ఇచ్చి గాలం విసరడం నేర్పింది. నేర్పడమంటే తిట్టడమే. "అది గాలం విసరడం కాదు, దోమల్ని తోలడం," అనేది. "ట్రౌట్ చేపకు ఒళ్ళు వంచడం ఇష్టం ఉండదు. మా ఆయన లాగే. రాయి వెనక నీడపట్టున పడుకుని, నోటి ముందుకు వచ్చింది తింటుంది. ఆ నోటి ముందు ఎక్కడో అక్కడ వెయ్యి." జూన్‌లో ఒకనాడు థెల్మా వేసిన ఈగ దగ్గర నీళ్ళలో చిన్న వలయం లేచింది. దారం బిగుసుకుంది. చేతిలో కర్ర బతికి ఉన్నట్టు కొట్టుకుంది. అరచేయంత చేప, పొట్ట మీద వెన్న రంగు, పక్కన ఎర్ర చుక్కలు. దాన్ని తడిచేత్తో పట్టుకుని, చిన్నదని తిరిగి నీళ్ళలోకి వదిలేటప్పుడు ఆమె నీళ్ళలో ఉన్న సంగతే మరిచిపోయింది. గుర్తుకు రాగానే గబగబా ఒడ్డెక్కేసింది.

అత్తకు తెలిసిన వాగు వేరు, కోడలు తెలుసుకున్న వాగు వేరు. ఏ రాయి వెనక ఏ చేప ఉంటుందో హెస్టర్‌కు తెలుసు. ఎక్కడ అడుగు వేస్తే మునుగుతానో థెల్మా వెతికేది. హెస్టర్ గాలం విసురుతున్నంతసేపూ ఆమె చేతికర్రతో అడుగు పొడిచి చూసేది. ఇక్కడ గులక, ఇక్కడ ఇసుక, ఇక్కడ కర్ర మొత్తం దిగిపోయింది. ఇంటికి వెళ్ళి అంట్లు తోముతూ కళ్ళు మూసుకుంటే వాగు అడుగంతా కనబడేది. నీళ్ళు లేకుండా, ఎండిపోయిన దారిలా.

అన్నిటికంటే ఆమెను భయపెట్టింది పాదిరి గుంట. ఇంటికి ఎగువన, వాగు వంపు తిరిగే చోట ఉంది. పూర్వం ఒక చర్చి పాదిరి గుర్రంతో సహా అందులో పడ్డాడట. గుర్రం దొరికింది, పాదిరి దొరకలేదు. అవతలి ఒడ్డున నిట్టనిలువు రాతి చరియ. మధ్యలో గులకరాళ్ళ మేట. మేటకూ చరియకూ నడుమ లోతైన పాయ, అందులోనే పెద్ద చేపలు. ఇవతలి ఒడ్డు నుంచి మేటకు వెళ్ళాలంటే కాస్త ఎగువన వెడల్పాటి రేవు ఉంది. గులకరాళ్ళ మీదుగా మోకాలి లోతు, అందరూ దాటేది అక్కడే. రేవు దిగువన వాగు ఒక్కసారిగా గుంటలోకి దూకుతుంది.

ఆ దూకే అంచున నీళ్ళ కింద ఒక రాతి పలక ఉందని థెల్మా కనిపెట్టింది. మేట నుంచి ఇవతలి ఒడ్డుదాకా, ఒక మనిషి నడవగలిగినంత వెడల్పు. పలక మీద నీళ్ళు లోతు లేవు గాని ఒరవడి ఎక్కువ. ఒక్క అడుగు దిగువకు పడితే గుంట. ఒడ్డు వైపు ఆల్డర్ వేరు పట్టుకుని, మేట వైపు మోకాళ్ళ మీద కూర్చుని, కర్రతో ఆ పలకను కొసదాకా పొడిచి చూసింది.

"అక్కడేం చేస్తున్నావ్? అక్కడ చేపలుండవు," అంది హెస్టర్, ఒడ్డున కూర్చుని చెవి మిషను పెట్టుకుంటూ.

"చేపల కోసం కాదు."

"మరి?"

"ఎక్కడ చస్తానో చూసుకుంటున్నా."

హెస్టర్ పెద్దగా నవ్వింది. "నీలాంటి కోడలు పగవాడికి కూడా వద్దు," అంది.

సెప్టెంబరు చివర్లో, ఇంకొద్ది రోజులకు చేపల కాలం ముగుస్తుందనగా, ఒక మధ్యాహ్నం ఇద్దరూ పాదిరి గుంట దగ్గరికి వచ్చారు. ఎండ బాగా కాస్తోంది. గోడ మీద కూర్చుని రొట్టె, జున్ను తిన్నారు. ఫ్లాస్కులో టీ తాగారు. చరియ కింద నీటి మీద ఒక వలయం లేచింది. నెమ్మదిగా, వెడల్పుగా. హెస్టర్ నమలడం ఆపేసింది.

"చూశావా? అది పిల్ల చేప కాదు. నన్ను మేట మీదికి దాటించు."

చెవి మిషను తీసి డబ్బాలో పడేసి లేచింది. థెల్మా ఆమె చెయ్యి పట్టుకుని రేవు దాటించి మేట మీద నిలబెట్టింది. హెస్టర్ దారం విప్పుతూనే, "చిక్కం! చేపను ఎత్తే చిక్కం గోడ మీదే మరిచాం. వెళ్ళి తే, పరుగెత్తు," అంది. థెల్మా ఒక్కతే మళ్ళీ రేవు దాటి ఒడ్డెక్కింది.

గోడ మీంచి చిక్కం తీసుకుని తిరిగేసరికి ఏదో తేడాగా అనిపించింది. రేవు మొదట్లో ఒక తెల్లరాయి ఉండాలి. ఇప్పుడే దాని మీద చెయ్యి వేసి ఒడ్డెక్కింది. ఆ రాయి లేదు. నీళ్ళలో ఎండిన ఫెర్న్ ఆకులు, గొర్రె బొచ్చు తేలుతూ వస్తున్నాయి. నీళ్ళ రంగు టీ డికాక్షన్‌లా మారుతోంది. తడిసిన నల్ల ఊబిమట్టి వాసన. ఆమె తల ఎత్తి ఎగువకు చూసింది. నెత్తిన నీలాకాశం. కాని ఎక్కడో వాగు పుట్టే ఊబినేల వైపు, కొండ వెనక, ఆకాశం అడుగంతా మసి పూసినట్టు ఉంది. అక్కడ ఎంతసేపటినుంచి కురుస్తోందో!

"అత్తయ్యా! వచ్చేయండి! వాగు వస్తోంది!"

హెస్టర్ వీపు ఇటే ఉంది. ఆమె గాలపు కర్ర విల్లులా వంగింది. పెద్ద చేపే పడింది. తల ఒక్క క్షణం ఇటు తిప్పి, రెండో చేత్తో గబగబా సైగ చేసింది. చిక్కం తెమ్మని!

థెల్మా కాళ్ళు కదల్లేదు. కదలమని చెప్పింది, కదల్లేదు. దగ్గరి పొలం మనుషులను పిలుచుకు రావాలంటే గుట్ట దాటాలి, అంత వ్యవధి లేదు. వాగు చప్పుడులో కొత్తగా ఇంకో చప్పుడు కలిసింది. నీళ్ళ అడుగున రాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్న గరగర. చిన్నప్పుడు అల కింద విన్న చప్పుడు అదే. ఇప్పుడు వెనక్కి తిరిగి గోడ అవతలికి దూకితే తనను ఎవరూ తప్పుపట్టరు. ఈత రాని మనిషి, ఏం చేస్తుందిలే అంటారు. ఆ మాట మనసులో స్పష్టంగా వినబడింది. అది వినబడుతుండగానే కర్ర ముందు వేసి, వెనకాలే కాలు వేసింది.

రేవులో నీళ్ళు తొడదాకా వచ్చేశాయి. కాళ్ళ కింద గులకరాళ్ళు దొర్లిపోతున్నాయి. ఒకసారి మోకాలు మడత పడి, చన్నీళ్ళు బూటు అంచు మీదుగా లోపలికి దూకాయి. కెవ్వుమంది. కాని పడలేదు. మేట మీదికి పాకుతూ ఎక్కింది. చిక్కం చేతిలో లేదు. ఎప్పుడు పోయిందో తెలియలేదు.

"చిక్కమేదే?" అంది హెస్టర్. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోతోంది. "మూడు పౌన్లుంటుంది! జన్మలో చూడలేదు ఇంత..."

ఇప్పుడేం చెప్పినా ఆమెకు వినపడదు. థెల్మా దారం పట్టుకుని, నోట్లో పెట్టుకుని, పటుక్కున కొరికేసింది.

గాలపు కర్ర నిటారుగా లేచింది. హెస్టర్ కోడలి భుజం మీద ఒక్కటిచ్చుకుంది. "దరిద్రపుదానా! నీకేం పిచ్చి పట్టిందే!"

థెల్మా ఆమె గడ్డం పట్టుకుని ముఖాన్ని ఎగువకు తిప్పింది.

మేట సగం మునిగిపోయింది. రేవు జాడ లేదు, ఒడ్డుదాకా ఒకటే గోధుమ రంగు పరుగు. హెస్టర్ చూసింది. అరవై ఏళ్ళుగా ఆ వాగులో దిగుతున్న మనిషి ముఖంలో రక్తం ఇంకిపోవడం థెల్మా కళ్ళారా చూసింది. ఆమెను అన్నిటికన్నా భయపెట్టింది అదే. అంతదాకా, ఎంత భయమేసినా, అత్తగారికి అంతా తెలుసులే అనే ధీమా ఒకటి ఉండేది.

"రేవు మీదుగా పోదాం," అంది హెస్టర్ సన్నగా. నాలుగడుగులు వేశారో లేదో ఆమె గాలపు కర్ర నీళ్ళలో కొట్టుకుపోయింది, కింద రాళ్ళు జారిపోయాయి. థెల్మా వెనక్కి లాగింది. మేట మీద ఇద్దరికీ పాదం మోపేంత చోటే మిగిలింది.

"ఇక్కడే ఉందాం. తగ్గుతుంది. ఒక్కోసారి తగ్గుతుంది," అంటోంది హెస్టర్, కోడలి చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుని. "నా కాళ్ళు రావడం లేదు పిల్లా. రావడం లేదు."

థెల్మా పాదిరి గుంట అంచు వైపు చూసింది. నీళ్ళు అక్కడ నున్నగా, అద్దంలా వంగి కిందికి దూకుతున్నాయి. పలక కనబడటం లేదు. కాని కళ్ళు మూసుకుంటే కనబడింది, ఎప్పటిలాగే, ఎండిన దారిలా. రేవులో రాళ్ళు దొర్లుతాయి. పలక దొర్లదు.

అత్తగారిని ఎగువ వైపున తన ముందు నిలబెట్టుకుంది, ఆమె నడుము పట్టీని వెనకనుంచి పిడికిట బిగించింది. ఇద్దరూ వరదకు ఎదురుగా నిలిచి, పీతల్లా పక్కకు అడుగులు వేశారు. కర్ర, కాలు. కర్ర, కాలు. హెస్టర్ ప్రతి అడుగుకూ "అమ్మో, అమ్మో" అంటోంది. వీపు వెనక గుంట హోరెత్తుతోంది. తిరిగి చూడకూడదు. థెల్మా కదలని వస్తువు కోసం వెతికింది. కదలనిది ఒకటే కనబడింది, ఒడ్డున ఆల్డర్ చెట్టు. దాన్నే చూసింది. తొడల దగ్గర నీళ్ళు నెడుతున్నాయి, నడుం దగ్గర నెడుతున్నాయి. తాను బట్టల్లోనే ఒంటికి పోసుకుందని తెలిసింది. సిగ్గుపడేందుకు తీరికలేదు.

చెట్టు చేతికందే దూరంలో ఉండగా హెస్టర్ పెద్దగా అరిచింది. వంపులోంచి అసలు వరద వస్తోంది. గోడలా కాదు, చిందరవందరగా, మురికి నురుగు, విరిగిన కంచె కొయ్యలు, ఒక చచ్చిన గొర్రె, అన్నీ కలిసి దొర్లుకుంటూ. థెల్మా కర్ర వదిలేసి వేరు పట్టుకుంది. మరుక్షణం హెస్టర్ కాళ్ళు లేచిపోయాయి. నడుము పట్టీ పట్టిన చెయ్యి భుజం నుంచి ఊడివచ్చినట్టయింది. నీళ్ళు తల మీదుగా పోయాయి. చీకటి, ఇసుక, గరగర. అదే అల. ఇదిగో, మళ్ళీ వచ్చింది, ఈసారి వదలదు అనుకుంది థెల్మా. కాని వేలు ఒక్కటి కూడా సడలించలేదు. వరద వాళ్ళిద్దరినీ ఒడ్డుకేసి బాదింది. అక్కడ మట్టి ఉంది, గడ్డి ఉంది. పట్టుకుంది, పాకింది, లాగింది. అత్తగారిని జుట్టు పట్టుకుని లాగిందో, కోటు పట్టుకుని లాగిందో తరవాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

గోడ అవతలి గడ్డిలో ఇద్దరూ పడి ఉన్నారు. థెల్మా వాంతి చేసుకుంది. హెస్టర్ పెదవులు నీలంగా ఉన్నాయి. తరవాత హెస్టర్ ఏడవడం మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా.

"మునిగిపోతాననుకున్నా," అంది. "నేనెప్పుడూ... ఎప్పుడూ అలా అనుకోలేదు పిల్లా. నీకు రోజూ ఇలాగే ఉంటుందా? దిగిన ప్రతిసారీ?"

థెల్మా తల ఊపింది.

"మరి ఎందుకొచ్చావే రోజూ?"

థెల్మా లేచి బూట్లలోని నీళ్ళు ఒంపేసింది. అత్తగారిని లేవదీసి ఇంటికి నడిపించింది.

సాయంత్రం రాల్ఫ్ వచ్చేసరికి ఇద్దరూ దుప్పట్లు కప్పుకుని పొయ్యి ముందు కూర్చున్నారు. "మూడు పౌన్ల చేపరా. నీ పెళ్ళాం దారం కొరికేసింది," అని చెప్పింది హెస్టర్. రాల్ఫ్ నవ్వబోయి, కిటికీలోంచి మునిగిన పచ్చిక చూసి, వాళ్ళ ముఖాలు చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఆ చలికాలమంతా హెస్టర్ ఆ చేపను తలుచుకుని కోడలిని సాధించింది. క్రిస్మస్ నాటికి అది నాలుగు పౌన్లయింది. కృతజ్ఞత మాట ఒక్కసారీ అనలేదు. కాని టీ కాచినప్పుడల్లా మొదటి కప్పు థెల్మాకే పోసేది.

మార్చి వచ్చింది. హెస్టర్ బూట్ల ఊసెత్తలేదు. అడిగితే తుంటి నొప్పి అంది. థెల్మాకు ఒక సంగతి తోచింది. ఇంట్లోకి వినిపించే వాగు చప్పుడు మారింది. పాత చప్పుడులో ఎక్కడేముందో ఆమెకు తెలిసేది. ఈ కొత్త చప్పుడు దేనిదో తెలియదు. తెలియకపోవడమే ఎక్కువ భయంగా ఉంది. రోజురోజుకీ ఆ భయం పెరిగేసరికి, ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా కొత్త కర్ర ఒకటి కోసుకుని ఎగువకు నడిచింది.

గుంట దగ్గర ఆమె ఏ ఒక్కదాన్నీ గుర్తు పట్టలేకపోయింది. మేట లేదు. చరియలో ఒక ముక్క విరిగి వాగుకు అడ్డంగా పడింది. పలక మీద గులక కప్పేసింది, గుంట ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. నిరుడు గొర్రెలు మేసిన చోట ఇప్పుడు నీళ్ళు పారుతున్నాయి. ఆ నీళ్ళలో ఒక వలయం లేచింది, కాసేపటికి మరొకటి. ఆమె బూట్లు తొడుక్కుంది. ఒడ్డున నిలబడి కర్ర ముందుకు చాచింది. చాలాసేపు అలాగే నిలబడి, బూట్లు విప్పి, ఇంటికి వచ్చేసింది.

వంటింట్లో హెస్టర్ పిండి కలుపుతోంది. కోడలి చేతిలో పొడి బూట్లు చూసింది. ఎక్కడికి వెళ్ళావని అడగలేదు.

"ఎలా ఉంది?"

"ఏదీ పాతచోట లేదు. చేపలు మాత్రం ఉన్నాయి."

"దిగావా?"

"లేదు. భయమేసింది."

"మంచి పని చేశావ్," అంది హెస్టర్. చేతికంటిన పిండి దులుపుకుని, కుర్చీ లాగి, కోడలి ఎదురుగా కూర్చుంది. "ఒక వారం ఒడ్డు మీంచే చూడు. రేపు నేనూ వస్తా. చెవి మిషను పెట్టుకునే వస్తాలే. ఇప్పుడు చెప్పు, వంపు దగ్గరినుంచి మొదలుపెట్టు. ఏమేం చూశావో అంతా చెప్పు."